ప్యాంటు జేబులో పట్టే చిన్న గన్ కావాలి, ఏది కొనమంటారు?

బంకుబాబాయ్
డాలస్ నుంచి ఉత్తరంగా గంటన్నర పోతే వచ్చే ఒక చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నా. పదకొండేళ్లయింది. నిరుడు సిటిజన్‌షిప్ కూడా వచ్చింది, కాబట్టి పేపర్ల గొడవేమీ లేదు. రాత్రి పదకొండుకి స్టోర్ మూసేది నేనే, ఆ రోజు కలెక్షన్ సంచిలో వేసుకుని చీకట్లో కారు దాకా నడిచేదీ నేనే. పోయిన నెల మా రోడ్డు చివరి స్టోర్‌లో కౌంటర్ మీదున్న కుర్రాణ్ని కొట్టి గల్లాపెట్టె ఊడ్చుకుపోయారు. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మా ఫ్రెండ్ తన గ్లాక్ 19 ఇచ్చి నాలుగు రోజులు పెట్టుకుని చూడమన్నాడు. నడుముకి పెట్టుకుంటే కూర్చున్నప్పుడల్లా పొట్టలో పొడుస్తుంది, పొట్ట కూడా కొంచెం ముందుకే ఉంది లెండి. స్టూలెక్కి సిగరెట్ కార్టన్లు సర్దుతుంటే చొక్కా పైకి లేచి కస్టమర్ చూసేశాడు. ఐదో రోజు తిరిగిచ్చేశా.

అందుకే చిన్నది, తేలికైంది, మామూలు కాటన్ ప్యాంటు ముందు జేబులో పట్టేది, పైకి కనపడనిది కావాలి. షాపులో చూసినవి రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్, స్మిత్ అండ్ వెసన్ బాడీగార్డ్ 2.0, అదే కంపెనీ 642 రివాల్వర్, సిగ్ పీ365. షాపువాడు వెళ్లిన ప్రతిసారీ వేరేది బెస్ట్ అంటున్నాడు. ఇంట్లో ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. మా ఆవిడ అసలు గన్ అన్న మాటే ఎత్తొద్దంటోంది. రోజూ జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు చెప్పండి, ఏది కొనాలి?

రేంజ్‌రాజు
ఎల్‌సీపీ మ్యాక్స్. ఇంకేం ఆలోచించకు బాబాయ్. 300 గ్రాములు, పది తూటాలు మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూరే తూటాల డబ్బాలో, ఒకటి ఛాంబర్‌లో, అంటే గొట్టంలో పేలడానికి సిద్ధంగా. 2021లో వచ్చింది, అప్పట్నుంచి నా జేబులోనే ఉంది. పాత ఎల్‌సీపీలో ఆరు తూటాలే, గురి చూసే సైట్లు కూడా పేరుకే. దీనికి ముందు సైటు చీకట్లో వెలుగుతుంది. నీ పనికి అతికినట్టు సరిపోతుంది.

ఐదుగుళ్లు
రివాల్వర్ పేరు కూడా రాశావు కాబట్టి చెప్తున్నా, 642 తీసుకో. జేబులోంచి తీసేటప్పుడు చొక్కా అంచుకి తగులుకోవడానికి దానికి బయట హ్యామర్, అంటే తూటాని కొట్టే కొక్కెం, ఉండదు. పిస్టల్‌కిలా పైన జారే స్లైడ్ వెనక్కి లాగక్కర్లేదు, జామ్ అయిందో లేదో చూసుకోనక్కర్లేదు. ఒకసారి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది. పన్నెండేళ్లుగా నా దగ్గరుంది.

రేంజ్‌రాజు
ఐదు తూటాలకి 400 గ్రాముల పైన బరువు. పైగా మధ్యలో ఆ గుండ్రటి డబ్బా. జేబులో నిమ్మకాయ పెట్టుకున్నట్టుంటుంది అన్నా.

ఐదుగుళ్లు
ఆ నిమ్మకాయ గుండ్రంగా ఉండబట్టే చూసినవాడికి గన్ అనిపించదు తమ్ముడూ. నీ ఎల్‌సీపీకి హోల్‌స్టర్, అంటే గన్ తొడుగు, లేకపోతే జేబు మీద గన్ బొమ్మ అచ్చు గుద్దినట్టే.

లుంగీలెక్కలు
షాపులో రాసే బరువులు ఖాళీ గన్‌వి. జేబులో మోసేది నిండుదాన్ని. నేను వంటింటి త్రాసు మీద పెట్టి చూశా, మా ఆవిడ ఆ త్రాసు మళ్లీ ముట్టుకోలేదు అది వేరే సంగతి. ఎల్‌సీపీ మ్యాక్స్ ఖాళీగా 300, నిండితే దాదాపు 400. బాడీగార్డ్ 2.0 ఖాళీగా 280 లోపు. పీ365 ఖాళీగానే అర కిలో, నిండితే 600 పైన. పైకి చూస్తే పీ365 కాస్త పెద్దదంతే, కాని జేబులో వేసుకుని మెట్లెక్కితే తొడ మీద సుత్తి కొట్టినట్టు ఊగుతుంది. దాన్ని నడుముకే పెట్టుకోవాలి, జేబుకి కాదు.

గాల్వెస్టన్‌గాలి
దాని బదులు కెల్‌టెక్ పీ32 చూడండి, .32 సైజు తూటాది, 190 గ్రాములు కూడా లేదు. సెల్‌ఫోన్ కంటే తేలిక. గన్ ఉందన్న సంగతే మర్చిపోతాం.

లుంగీలెక్కలు
మర్చిపోవడమే ప్రమాదం కదా స్వామీ.

డాక్టరమ్మ
షాపువాళ్ల దగ్గర ఒక జబ్బుంది. ఆడవాళ్లు వెళితే వెంటనే అందరికంటే చిన్నది, తేలికైంది, వీలైతే గులాబీ రంగుది తీసి చేతిలో పెడతారు. నాకూ అలాగే ఒక బుల్లి 380, అంటే .380 సైజు తూటా వేసే గన్, అంటగట్టారు. మొదటి మ్యాగజైన్ పూర్తయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయింది. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తన్నుతుంది, పట్టుకోవడానికి పిడి కూడా ఉండదు, చిటికెనవేలు గాల్లో వేలాడుతుంది. తూటా చిన్నది కాబట్టి తన్నదు అనుకోవడం పొరపాటు. అదే 380 తూటా కొంచెం బరువైన గన్‌లో కాలిస్తే హాయిగా ఉంటుంది.

ఇంకోటి, నాకు బొటనవేలి కీలు నొప్పి. ఆ బుల్లిదాని స్లైడ్ లాగలేకపోయా. చివరికి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ 380 తీసుకున్నా, స్లైడ్ వెన్నలా వస్తుంది. కాని అది జేబులో పట్టదు, అర కిలో పైన ఉంటుంది. బాబాయ్ గారూ, మీ చేతులు చెప్పేదాకా ఏదీ కొనకండి. అద్దెకి గన్లిచ్చే షూటింగ్ రేంజ్‌కి వెళ్లి నాలుగూ కాల్చి చూడండి. ఒక్క పూట పని.

రేంజ్‌రాజు
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను కూడా ఎల్‌సీపీ మ్యాక్స్ సరదాగా కాల్చేది అని చెప్పను. 50 తూటాలు కాలిస్తే మరుసటి రోజు చపాతీ తుంచలేవు. కాని అది సరదా కోసం కొనేది కాదుగా.

ఐదుగుళ్లు
642 ఇంకా ఎక్కువ తన్నుతుంది, నిజం ఒప్పుకోవాలి. ట్రిగ్గర్ కూడా బరువు, పొడుగు. మొదటి ఏడాది ఏడు గజాల్లో పళ్లెం అంత గురికి కూడా నా తూటాలు సరిగ్గా పడేవి కావు. ఖాళీ గన్‌తో గోడకేసి రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ నొక్కి నొక్కి నేర్చుకున్నా. గన్ ఖాళీ అని మూడుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి.

పాతకాపు
అడిగింది గన్ గురించే అయినా ఒక మాట. నేను హ్యూస్టన్‌లో పాతికేళ్లు స్టోర్ నడిపా. రెండుసార్లు గన్ చూపించి దోచుకున్నారు. రెండుసార్లూ గల్లా తెరిచి, చేతులు కనపడేలా పెట్టి, తీసుకెళ్లు నాయనా అన్నా. మొత్తం కలిపి పోయింది వెయ్యి డాలర్ల లోపు. నా దగ్గరా గన్ ఉంది, కౌంటర్ కింద. తీసే టైము రెండుసార్లూ లేదు, వాడి గన్ అప్పటికే నా ముఖం మీదుంది. జేబులో ఉన్నా అంతే అయ్యేది.

నీ అసలు సమస్య రాత్రి పదకొండుకి నగదు సంచితో చీకట్లో నడవడం. అది మాను ముందు. నోట్లు పడేసే సేఫ్ నేలకి బిగించు, తాళం నీ దగ్గరుండకూడదు, టైమ్ లాక్ ఉండాలి, తలుపు మీద బోర్డు పెట్టు. బ్యాంకుకి పగటిపూట వెళ్లు, రోజూ ఒకే టైముకి కాకుండా. కారు స్టోర్ వెనక పెట్టకుండా లైటు కింద పెట్టు. ఇవన్నీ చేశాక కూడా గన్ కావాలంటే కొనుక్కో, వద్దనను.

రేంజ్‌రాజు
కాపుగారూ, మీరు చెప్పేది డబ్బు అడిగేవాడి విషయంలో కరెక్టే. డబ్బిచ్చినా కాల్చేవాడు ఎదురైతే? ఆ రెండోరకం వాడికోసమే కదా మేమంతా మోస్తున్నది.

పాతకాపు
ఆ రెండోరకం వాడు మొదటిరకం వాడిలాగే కనిపిస్తాడు బాబూ. తేడా తెలిసేలోపు అయిపోతుంది.

బంకుబాబాయ్
పాతకాపు గారూ, మీ మాట గుచ్చుకుంది. సేఫ్ సంగతి చూస్తా. కాని కారు దాకా నడిచే ఆ ముప్పై అడుగులూ తప్పవు కదా. స్టోర్ వెనక పక్క చెత్తకుండీ దగ్గర లైటు లేదు, ఓనర్ పెట్టించడు. అందుకే గన్ ఆలోచన పోవట్లేదు.

రేంజ్‌రాజు, హోల్‌స్టర్ లేకుండా వేసుకోకూడదా? జేబులో జేబు ఎందుకు అనిపిస్తోంది.

రేంజ్‌రాజు
వద్దు వద్దు వద్దు. ట్రిగ్గర్ మొత్తం మూసేసే పాకెట్ హోల్‌స్టర్ తప్పనిసరి. అది మూడు పనులు చేస్తుంది. ట్రిగ్గర్‌కి ఏదీ తగలనివ్వదు, గన్‌ని నిలువుగా ఉంచుతుంది, పైకి గన్ ఆకారం కనపడనివ్వదు, పర్సులా కనిపిస్తుంది. బయట గరుకు బట్ట ఉన్నది చూసుకో, లాగినప్పుడు హోల్‌స్టర్ జేబులోనే ఉండిపోవాలి. లేకపోతే గన్ మీద తొడుగు తగిలించుకుని నిలబడతావు, దొంగకే నవ్వొస్తుంది. ఆ జేబులో ఇంకేం పెట్టకూడదు. తాళాలు, చిల్లర, హాజ్‌మోలా డబ్బా, ఏవీ.

గట్టుమీదకాకి
హాజ్‌మోలా ఎవరి అనుభవం?

రేంజ్‌రాజు
మా బావది. జేబులో చెయ్యి పెట్టి గన్ బదులు డబ్బా తీశాడు, ప్రాక్టీసులోనే లెండి.

లుంగీలెక్కలు
ఇంకోటి చెప్పడం మర్చిపోయా. జేబులో గన్ ఉంటే నూలు పీచు, దుమ్ము అంతా లోపలికి పోతుంది. మా స్నేహితుడు ఎనిమిది నెలలు శుభ్రం చేయలేదు. రేంజ్‌లో తీస్తే బ్యారెల్ మూతి దగ్గర నీలం నూలు ఉండ. రెండు వారాలకోసారి తీసి ఊదుకోవాలి, నెలకోసారి నూనె చుక్క. టెక్సాస్ చెమటకి ఇనుము తుప్పు కూడా పడుతుంది, తొడకి ఆనుకునే వైపు ముఖ్యంగా.

ఐదుగుళ్లు
రివాల్వర్‌కీ నూలు పడుతుంది, కాని పట్టించుకోకపోయినా పేలుతుంది :)

డాక్టరమ్మ
అలా చెప్పి జనాన్ని చెడగొట్టకండి. దాన్నీ తుడవాలి.

హెచ్‌వన్‌కష్టాలు
మధ్యలో వస్తున్నా, ఇర్వింగ్‌లో ఉంటా, హెచ్1బీ. ఇక్కడ 2021 నుంచి లైసెన్స్ లేకుండానే క్యారీ చేయొచ్చంటున్నారు కదా, నేను కూడా కొనుక్కోవచ్చా?

ఫైలుపురుగు
ఆగు తమ్ముడూ. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండా క్యారీ చేయొచ్చు, నిజమే. కాని అది చట్టప్రకారం గన్ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకి. ఫెడరల్ చట్టం వేరే ఉంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్1బీ, ఎఫ్1 లాంటివాళ్లు గన్ గానీ తూటా గానీ దగ్గరుంచుకోకూడదు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఇది అడుగుతారు, అబద్ధం రాస్తే అదే ఇంకో నేరం. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, దాని పేరు చెప్పి యూట్యూబ్‌లో చాలామంది ధైర్యం చెప్తుంటారు. తుపాకీ కేసు అంటే దేశం నుంచి పంపించేయడానికి సరిపోయే కారణం. గ్రీన్ కార్డ్ ఫైల్ పదేళ్లుగా నడుస్తుంటే దాన్ని 300 గ్రాముల ఇనుముతో పందెం కాయకు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా రేంజ్ బయట ఒక్క తూటా కూడా ముట్టుకోవద్దు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు.

హెచ్‌వన్‌కష్టాలు
అర్థమైంది అన్నా. పెప్పర్ స్ప్రే కొనుక్కుంటా.

గట్టుమీదకాకి
ఆవకాయ జాడీ కూడా పనికొస్తుంది, అదే మంట.

ఫైలుపురుగు
బాబాయ్, నీకు కూడా ఒక మాట. లైసెన్స్ అక్కర్లేదు కదా అని వదిలెయ్యకు, ఎల్‌టీసీ, అంటే టెక్సాస్ ఇచ్చే క్యారీ లైసెన్స్, తీసుకో. ఫీజు 40 డాలర్లు, ఒక పూట క్లాసు, తర్వాత షూటింగ్. ఎందుకంటే ఫెడరల్ చట్టంలో బడికి వెయ్యి అడుగుల లోపు గన్ ఉండకూడదన్న రూల్ ఉంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాడికి అందులో మినహాయింపు. పిల్లల్ని బడి దగ్గర దించి అటునుంచి స్టోర్‌కి వెళ్తావు కదా, రోజూ ఆ వెయ్యి అడుగుల్లోనే తిరుగుతున్నావన్నమాట. పక్క రాష్ట్రాల్లో చాలాచోట్ల కూడా చెల్లుతుంది.

తలుపుల మీదుండే గన్ బోర్డులు చదవడం నేర్చుకో. 30.06 అంటే లైసెన్స్ ఉన్నా దాచుకుని రాకూడదు. 30.07 అంటే బయటికి కనపడేలా రాకూడదు. 30.05 అంటే లైసెన్స్ లేనివాళ్లు తేకూడదు. ఎర్ర అక్షరాల 51 అని ఉంటే అది బార్, ఆదాయంలో సగానికి పైన అక్కడే తాగే మందు మీద వచ్చే చోటు, అక్కడికి అసలు తేకూడదు.

ఓరుగల్లుపిల్ల
గుడికి వెళ్లినప్పుడు ఏం చేస్తారు అందరూ? మేం వెళ్లే గుడి గేటు దగ్గర 30.06 బోర్డు ఉంది. మా ఆయన కార్లో పెట్టి వస్తాడు, నాకేమో దర్శనం అయ్యేదాకా టెన్షన్.

లుంగీలెక్కలు
ఆ టెన్షన్ న్యాయమే అమ్మా. గన్లు ఎక్కువ పోయేది కార్లలోంచే. గ్లవ్ బాక్స్‌లో వద్దు. సీటు కింద బార్‌కి ఉక్కు తీగతో కట్టే చిన్న లాక్‌బాక్స్ దొరుకుతుంది, అందులో పెట్టి సీటు కిందకి తోసేయాలి. పార్కింగ్‌లో దిగాక అందరి ముందూ తీయకుండా, గుడికి బయల్దేరే ముందే ఇంట్లో పెట్టేసి వస్తే ఇంకా మంచిది. నేను శనివారాలు అసలు తీసుకెళ్లను. వెంకన్న చూసుకుంటాడు.

గట్టుమీదకాకి
లాల్చీ జేబులో పెట్టుకుని ప్రదక్షిణాలు చేస్తే గన్ కూడా ఊగుతూ నీతో పాటు ప్రదక్షిణ చేస్తుంది.

కరీంనగర్‌కుర్రోడు
మీరంతా షాపుకి పోయి కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకుంటున్నరు గదా, చదువుతుంటే కడుపు మండుతోంది. ఇక్కడ మా పెదనాయనకి లైసెన్స్ రావడానికి ఏండ్లు పట్టింది. వచ్చినంక కొనేది .32 రివాల్వరే. 9 ఎంఎం, .38 సైజు తూటాల గన్లు మనోళ్లకి నిషేధం. ఎలక్షన్ కోడ్ రాంగనే తీసుకపోయి స్టేషన్ల అప్పజెప్పాలె, అయినంక మళ్లీ తెచ్చుకోవాలె. ఆయన రివాల్వర్ ఆయనింట్ల కంటే పోలీస్ స్టేషన్లనే ఎక్కువ ఉన్నది.

ఐదుగుళ్లు
కాన్పూర్‌లో తయారయ్యే నిర్భీక్ అని ఒకటి ఉంది కదా, 2014లో ఆడవాళ్ల కోసం అని తెచ్చారు, టైటానియం కలిపిన లోహం, అర కిలో. ఎవరైనా వాడారా?

కరీంనగర్‌కుర్రోడు
ధర లక్షా ఇరవై వేల పైన పెట్టిండ్రు అన్నా. దాన్ని కొనగలిగిన ఆడామెకి ముందే డ్రైవర్, గన్‌మన్ ఉంటరు.

డాక్టరమ్మ
నిజం చెప్పావు నాయనా.

రేంజ్‌రాజు
మళ్లీ బాబాయ్ ప్రశ్నకి వద్దాం. ఎల్‌సీపీ, బాడీగార్డ్ రెండూ వేసుకునేది 380 తూటా, అది చాలదు అని ఎవరూ ఇంకా అనలేదు, ఆశ్చర్యంగా ఉంది.

గాల్వెస్టన్‌గాలి
నేను అంటున్నా అయితే. 380 చాలదు, దానికంటే గట్టిదైన 9 ఎంఎం తీసుకోవాలి.

గట్టుమీదకాకి
నువ్వే కదా పైన .32 కొనమన్నది?!

గాల్వెస్టన్‌గాలి
అది బరువు కోసం చెప్పా. ఇది దెబ్బ కోసం చెప్తున్నా.

లుంగీలెక్కలు
ఈ 380 గొడవ 1908 నుంచీ ఉంది, బ్రౌనింగ్ దొర తయారుచేసిన రోజు నుంచి. విషయం ఏమిటంటే, రెండు ముప్పావు అంగుళాల బ్యారెల్‌లోంచి వచ్చే 380కి వేగం తక్కువ. హాలో పాయింట్, అంటే ముక్కు దగ్గర గుంట ఉండి తగిలాక విచ్చుకునే తూటా, వేస్తే ఒక్కోసారి మందపాటి బట్ట కూరుకుపోయి విచ్చుకోదు, ఒక్కోసారి బాగా విచ్చుకుని లోతుకి పోకముందే ఆగిపోతుంది. ఎఫ్‌బీఐ వాళ్లు పరీక్షకి వాడే జెల్ దిమ్మెలో తూటా 12 నుంచి 18 అంగుళాలు పోవాలంటారు. అందుకే కొందరు 380లో మామూలు గుండు తూటానే వాడతారు, కొందరు ఈ గన్ల కోసమే తయారుచేసిన హాలో పాయింట్ వాడతారు. నేను రెండోరకం. దానికంటే ముఖ్యం, నువ్వు ఎంచుకున్న తూటా నీ గన్‌లో ఆగకుండా ఆడుతుందా లేదా అని చూసుకోవడం. చిన్న గన్లకి తిండి విషయంలో పేచీ ఎక్కువ, చంటిపిల్లల్లా. కనీసం రెండు వందల తూటాలు కాల్చి చూశాకే జేబులో వేసుకో. 380 తూటా 9 ఎంఎం కంటే ఖరీదు, అది కూడా లెక్కలో వేసుకో.

డాక్టరమ్మ
చిన్న గన్ని మణికట్టు వదులుగా పట్టుకుంటే కూడా జామ్ అవుతుంది. నాకు మొదట్లో ప్రతి మ్యాగజైన్‌కీ ఒకటి ఇరుక్కునేది, గన్‌ది తప్పనుకున్నా. రేంజ్‌లో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని సరిచేసింది, అంతే, ఆగిపోయింది.

బంకుబాబాయ్
ఛాంబర్‌లో తూటా ఉంచాలా వద్దా? మా ఆవిడ ఒప్పుకునేది ఛాంబర్ ఖాళీగా ఉంటేనే.

రేంజ్‌రాజు
ఉంచాలి. లేకపోతే గన్ కాదు, రాయి.

పాతకాపు
నేను ఉంచను. డెబ్బై ఏళ్లొస్తున్నాయి, ఇంట్లో మనవళ్లు తిరుగుతుంటారు.

ఐదుగుళ్లు
రెండూ సరైనవే అనను, కాని గమనించాల్సిందొకటి ఉంది. చీకట్లో, భయంలో, ఒక చేతిలో సంచి పట్టుకుని రెండో చేత్తో స్లైడ్ లాగగలవా? నీ ప్రశ్నలో సంచి ఉంది బాబాయ్. అందుకే నేను మొదట్లోనే రివాల్వర్ అన్నా. పొడుగు ట్రిగ్గర్, పొరపాటున నొక్కుకుపోదు, అయినా సిద్ధంగా ఉంటుంది. లేదంటే బాడీగార్డ్ 2.0 లోనే బొటనవేలి సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, ఉన్న మోడల్ కూడా ఉంది, అది తీసుకుని సేఫ్టీ దించడం చేతికి అలవాటయ్యేదాకా ప్రాక్టీస్ చెయ్యి. ఏది చేసినా హోల్‌స్టర్‌తో సహా జేబులో పెట్టు, హోల్‌స్టర్‌తో సహా తియ్యి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది పెట్టేటప్పుడూ తీసేటప్పుడే.

ఫైలుపురుగు
పిల్లల గురించి. టెక్సాస్‌లో నిండు గన్ జాగ్రత్త చేయకుండా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ప్యాంటు విప్పి కుర్చీ మీద పడేసే అలవాటు ఉంటే జేబులో గన్ అసలు వద్దు. ఇంటి గుమ్మం దాటగానే చిన్న సేఫ్‌లోకి పోవాలి. వేలిముద్రది కాకుండా నంబరు నొక్కేది తీసుకో, బ్యాటరీ అయిపోతే తాళంచెవి ఉండేది.

ఓరుగల్లుపిల్ల
ప్యాంటు కుర్చీ మీద పడేయని మగాడు ఉంటాడా అసలు.

బావమరిది9
నాది ఒక పీడకల చెప్తా, అందరికీ పనికొస్తుంది. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్‌ని తొందర్లో ఇండియా ప్రయాణానికి వాడుకున్నా. గన్ ఇంట్లోనే ఉంది, సంచి దులిపాననే అనుకున్నా. వెళ్లేటప్పుడు ఎవరూ పట్టుకోలేదు. తిరుగు ప్రయాణంలో అక్కడి ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర ఆపారు. అట్ట కింద కుట్టులో ఒకే ఒక్క 380 తూటా. అక్కడ తూటా ఒక్కటున్నా ఆర్మ్స్ యాక్టే. పోలీస్ స్టేషన్, లాయరు, నా టెక్సాస్ లైసెన్స్ కాపీ మెయిల్లో తెప్పించుకోవడం, ఫ్లైట్ పోవడం, మా అమ్మ స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని ఏడవడం. నెలలు పట్టింది ఆ కేసు కొట్టించుకోవడానికి. రేంజ్ సంచి వేరే, ప్రయాణం సంచి వేరే. రంగు కూడా వేరే ఉండాలి. జాకెట్ జేబులు కూడా దులుపుకోండి.

లుంగీలెక్కలు
మా ఆఫీసులో కూడా ఒకడికి ఇదే అయింది. ఇండియా వెళ్లేవాళ్లంతా బావమరిది పోస్టు రెండుసార్లు చదవండి.

గట్టుమీదకాకి
జేబు గన్‌కి ఇది ఇంకా డేంజర్. నడుముకి ఉన్నది గుర్తుంటుంది, జేబులోది ఎయిర్‌పోర్టు లైన్లో బెల్టు తీసినప్పుడు గుర్తొస్తుంది.

బంకుబాబాయ్
మూడు వారాల తర్వాత వస్తున్నా. అందరికీ జవాబు చెప్పలేదు, ఏమనుకోకండి.

మొన్న ఆదివారం డాక్టరమ్మ గారు చెప్పినట్టు రేంజ్‌కి వెళ్లి నాలుగూ అద్దెకి తీసుకుని కాల్చా. మా ఆవిడని కూడా బతిమాలి తీసుకెళ్లా. 642తో ఐదు తూటాలు కాల్చి ఐదుగుళ్లు గారికి మనసులో దణ్ణం పెట్టి కింద పెట్టేశా, నా వల్ల కాదు. పీ365 అన్నిటికంటే బాగా పడింది, గురి చూస్తే నాకే ముచ్చటేసింది, కాని జేబులో వేసి నడిస్తే లుంగీలెక్కలు గారన్న సుత్తి నిజమే. ఎల్‌సీపీ మ్యాక్స్, బాడీగార్డ్ రెంటిలో నా చేతికి బాడీగార్డ్ పిడి కుదిరింది. ఎందుకని అడిగితే చెప్పలేను, చెప్పుల్లాగే, కాలికి తెలుస్తుంది.

సేఫ్టీ ఉన్న మోడలే తీసుకున్నా. ఇప్పటికి 150 తూటాలు కాల్చా, రెండుసార్లు ఇరుక్కుంది, రెండూ మొదటి 50లోనే. ఇంకో వంద అయ్యాకే జేబులోకి. ఎల్‌టీసీ క్లాసు అయింది, 250కి 231 వచ్చాయి. 15 గజాల దగ్గరే పోయాయి అన్నీ. పరీక్షకి ఫ్రెండ్ గ్లాక్ 19 తీసుకెళ్లా, ఆ బుల్లిదాంతో వెళ్లుంటే ఎన్నొచ్చేవో.

రేంజ్‌రాజు
231 మొదటిసారికి బ్రహ్మాండం. ఎల్‌సీపీ కొననందుకు మాత్రం క్షమించను.

డాక్టరమ్మ
మీ ఆవిడ ఏమన్నారు?

బంకుబాబాయ్
అదే చెప్పబోతున్నా. ఆమెకి మీరు చెప్పిన షీల్డ్ ఈజీ 380 ఇచ్చాం రేంజ్‌లో. ఏడు గజాల్లో ఎనిమిదికి ఎనిమిది తూటాలు అరచేతి అంత చోటులో పడ్డాయి. రేంజ్ ఆయన వచ్చి ఫొటో తీశాడు. ఇంటికొచ్చి ఆ గురి కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. అయినా ఇంట్లో గన్ వద్దు అనే మాట మాత్రం మార్చుకోలేదు, సేఫ్ స్టోర్‌లోనే బిగించమంది. నంబరు తనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. గన్ నా దగ్గరుండేది మా స్టోర్ నుంచి కారు దాకా, కారు నుంచి స్టోర్ దాకా, అంతే. రాత్రి లోపల పెట్టి తాళం వేసి ఇంటికి.

ఐదుగుళ్లు
అంటే ఆ ముప్పై అడుగులకి నువ్వు కారు దాకా గన్‌తో వెళ్లి మళ్లీ గన్ పెట్టడానికి లోపలికి రావాలి, తర్వాత గన్ లేకుండా కారు దాకా నడవాలి?

గట్టుమీదకాకి
😂😂 పెద్దాయన లెక్క పట్టుకున్నాడు

బంకుబాబాయ్
అదే రాత్రి నాకూ వెలిగింది. ఆవిడకి ఇంకా చెప్పలేదు. ప్రస్తుతానికి కార్లో సీటు కింద తీగ లాక్‌బాక్స్, ఇంటికి రాగానే గరాజ్‌లో ఎత్తున ఇంకో సేఫ్. అనుమతి కోసం అర్జీ పెట్టుకున్నా.

పాతకాపు
సేఫ్ సంగతేమైంది? డబ్బుది అడుగుతున్నా.

బంకుబాబాయ్
పెట్టించా కాపుగారూ. టైమ్ లాక్, తలుపు మీద బోర్డు, అన్నీ. క్యాష్ వారానికి మూడుసార్లు పగలు తీసుకెళ్తున్నా, ఒక్కోసారి మధ్యాహ్నం, ఒక్కోసారి పొద్దున. వెనక లైటు కూడా నా డబ్బుతోనే వేయించా, నూట ఎనభై డాలర్లయింది, గన్ కంటే చవక.

పాతకాపు
మంచిది. మరి రాత్రి ఆ సంచిలో ఏం తీసుకెళ్తున్నావు ఇప్పుడు?

బంకుబాబాయ్
ఖాళీ టిఫిన్ క్యారేజీ.